సిమ్ లేని ఫోన్‌లో లొకేషన్, కదలని కుర్చీలో కదిలే చుక్క

మీరు అడిగినవి ప్రధానంగా మూడు ప్రశ్నలు. సిమ్ తీసేసిన పాత ఫోన్‌లో లొకేషన్ పనిచేస్తుందా, పనిచేస్తే ఒక్కోసారి పది పన్నెండు నిమిషాలు ఎందుకు తీసుకుంటుంది అన్నది మొదటిది. ఇంట్లో కుర్చీలోంచి లేవకపోయినా మ్యాప్‌లోని నీలి చుక్క పక్క వీధిలోకి వెళ్లి రావడం ఏమిటన్నది రెండోది. లొకేషన్ ఆన్‌లో ఉన్నంతసేపూ మనం ఎక్కడున్నామో ఉపగ్రహానికి తెలుస్తూ ఉంటుందా అన్నది మూడోది. ఫోన్లలో అమర్చే నావిగేషన్ రిసీవర్లను పరీక్షించడం చాలా ఏళ్లుగా నా ఉద్యోగం. మూడో ప్రశ్నతో మొదలుపెడతాను. దాని సంగతి తేలితే మిగతా రెండింటి చిక్కు సగం విడిపోతుంది.

తెలియదు. మీ ఫోన్ అనేదొకటి ఉన్నదన్న సంగతే ఉపగ్రహానికి తెలియదు. రేడియో స్టేషన్‌కు తన శ్రోతలు ఎవరో, ఎందరో తెలియనట్టే ఇదీను. జీపీఎస్ ఉపగ్రహం భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున, దాదాపు పన్నెండు గంటలకొకసారి భూమిని చుట్టివస్తూ, ప్రధానంగా రెండే విషయాలను విరామం లేకుండా ప్రసారం చేస్తుంది: ఇప్పుడు నా గడియారంలో సమయం ఇంత, నేను తిరుగుతున్న కక్ష్య ఇది. ఫోన్ చేసేదల్లా వినడమే. అంత దూరానికి సంకేతాన్ని తిరిగి పంపే ఏర్పాటు ఫోన్‌లోని నావిగేషన్ భాగానికి లేనే లేదు. అది ఒట్టి రిసీవర్. అందువల్లనే చాలా ఫోన్లలో ఎయిరోప్లేన్ మోడ్ పెట్టినా జీపీఎస్ పనిచేస్తుంది.

ఈ విషయంలో అయోమయం ఈమధ్య పెరగడానికి కారణం ఉంది. 2022 చివరలో ఐఫోన్ 14తోనూ, ఆ చుట్టుపక్కలా, ఆపద సమయంలో ఉపగ్రహం ద్వారా సందేశం పంపే సదుపాయం కొన్ని ఫోన్లలోకి వచ్చింది. అక్కడ ఫోన్ నిజంగానే ఆకాశంలోకి సంకేతం పంపుతుంది. అందుకే ఫోన్‌ను ఏ దిక్కుకు తిప్పి పట్టుకోవాలో తెర మీద చూపిస్తుంది. ఐఫోన్ అందుకు వాడే ఉపగ్రహాలు వేరు, సుమారు 1,400 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే గ్లోబల్‌స్టార్ సంస్థవి. వాటికీ మ్యాప్‌లో దారి చూపే ఉపగ్రహాలకూ సంబంధం లేదు. ఇక మీ జాడ ఇతరులకు తెలిసే మార్గాలు నేల మీదే ఉన్నాయి: మీరు అనుమతి ఇచ్చిన యాప్ ఒకటి, మీ ఫోన్ ఏ టవర్‌కు అతుక్కుని ఉందో తెలిసిన మొబైల్ నెట్‌వర్క్ మరొకటి. ఆ బెంగ ఉన్నవారు ఆకాశాన్ని వదిలేసి అనుమతుల జాబితాను చూసుకోవాలి. ఐఓఎస్ 14 నుంచి, ఆండ్రాయిడ్ 12 నుంచి యాప్‌కు కచ్చితమైన చోటు కాకుండా ఉజ్జాయింపు ప్రాంతం మాత్రమే ఇచ్చే వీలుంది. వాతావరణం చెప్పే యాప్‌కు అంతకన్నా ఎక్కువ ఎందుకు కావాలో నాకు ఇంతవరకూ అర్థం కాలేదు.

వినడం ఒక్కటే చేసే ఫోన్ తన చోటును ఎలా తెలుసుకుంటుంది? సమయాన్ని దూరంగా మార్చుకుని తెలుసుకుంటుంది. సంకేతం బయలుదేరిన సమయం సంకేతంలోనే రాసి ఉంటుంది. చేరిన సమయాన్ని ఫోన్ గుర్తిస్తుంది. రెండింటి తేడాను కాంతి వేగంతో గుణిస్తే ఆ ఉపగ్రహం ఎంత దూరంలో ఉన్నదో వస్తుంది. కాంతి ఒక నానోసెకనులో సుమారు 30 సెంటీమీటర్లు పోతుంది. అంటే సెకనులో పది లక్షల వంతు తప్పితే 300 మీటర్లు తప్పినట్టే. ఉపగ్రహంలో అణు గడియారం ఉంటుంది కాబట్టి దానికి ఆ నిలకడ ఉంది. ఫోన్‌లో ఉన్నది చవకైన క్వార్ట్జ్ స్ఫటికం, దానికి లేదు. అందుకని ఫోన్ తన గడియారం ఎంత తప్పిందన్న దాన్ని కూడా తెలియని రాశిగానే తీసుకుని, అక్షాంశం, రేఖాంశం, ఎత్తులతో కలిపి నాలుగు తెలియని రాశులను ఒకేసారి సాధిస్తుంది. కనీసం నాలుగు ఉపగ్రహాలు వినిపించాలని అనడం ఇందుకే. ఈ సందర్భంలో సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం ఉపగ్రహంలోని గడియారం నేల మీది గడియారంతో సమానంగా నడవదని తప్పకుండా ఎవరో ఒకరు ప్రస్తావిస్తారు. అది నిజమే, ఆసక్తికరమైనదే. అయితే ఆ సవరణ వ్యవస్థలోనే చేసి ఉంటుంది గనుక మీ నీలి చుక్క తిరుగుడుకు దాని పూచీ ఏమీ లేదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు వద్దాం. సిమ్ లేకపోయినా, ఇంటర్నెట్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. ఆలస్యమంతా ఉపగ్రహం మాట్లాడే వేగంలో ఉంది. పాతకాలపు జీపీఎస్ సంకేతం తన కక్ష్య వివరాలను సెకనుకు 50 బిట్ల చొప్పున పంపుతుంది. ఆ నత్తనడకలో ఒక ఉపగ్రహం తన సొంత కక్ష్యను పూర్తిగా చెప్పడానికి అరనిమిషం కావాలి. మిగతా ఉపగ్రహాలన్నీ ఉజ్జాయింపుగా ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పే పట్టికను పూర్తిగా వినిపించడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. మీరు చెప్పిన పది పన్నెండు నిమిషాలు చదవగానే నాకు గుర్తొచ్చింది ఈ అంకే. చాలాకాలం ఆఫ్‌లో ఉన్న ఫోన్‌కు ఈనాటి తేదీ సరిగా తెలియదు, తానెక్కడుందో తెలియదు, ఏ ఉపగ్రహం ఏ మూల ఉందో తెలియదు. వెతుకులాట మొదటినుంచీ మొదలవుతుంది. మధ్యలో మీరు చెట్టు కిందికి నడిచారనుకోండి, కొన్ని బిట్లు పోతాయి. పోయిన ముక్క మళ్లీ వచ్చేదాకా ఇంకో అరనిమిషం ఎదురుచూడాలి. మళ్లీ అప్పుడే మీరు గోడ పక్కకు జరిగితే అదీ పోతుంది.

నెట్ ఉన్న ఫోన్‌లో ఈ బాధ కనిపించకపోవడానికి కారణం, అది ఉపగ్రహం చెప్పేదాకా ఆగకపోవడం. కక్ష్యల వివరాలను సర్వర్ నుంచి ఒక్క క్షణంలో దించుకుని, సమీపంలోని టవర్‌ను బట్టి ఉజ్జాయింపు స్థానాన్నీ, నెట్‌వర్క్ నుంచి సమయాన్నీ తీసుకుని, ఇక మిగిలిన ఒకే పని, అంటే సంకేతాలు చేరిన సమయాన్ని కొలవడం, అది చేస్తుంది. ఎ-జీపీఎస్ అనే మాటకు ఇదే అర్థం. అది వేరే జీపీఎస్ కాదు, అందే సాయం. జీపీఎస్ కక్ష్య వివరాలు సాధారణంగా నాలుగు గంటలపాటు చెల్లుతాయి. కాబట్టి మీ పాత ఫోన్‌ను బయటికి తీసుకెళ్లేముందు కాసేపు వై-ఫైకి కలిపి, మ్యాప్ తెరిచి చుక్క నిలిచేదాకా చూసి తీసుకెళ్లండి. అది కుదరకపోతే ఆకాశం బాగా కనిపించే చోట ఫోన్‌ను తెర పైకి ఉండేలా పెట్టి, కదపకుండా వదిలేయండి. చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిరిగితే త్వరగా దొరుకుతుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. మొబైల్ సిగ్నల్ కోసం అలా తిరగడం అలవాటై, దీనికీ అదే చేస్తారు.

ఈ సంకేతం ఎంత బలహీనమైనదో చెబితే గాని తర్వాతి భాగం అర్థం కాదు. ఒక వాట్ శక్తిని నూరు కోట్ల కోట్ల భాగాలు చేస్తే, నేల మీదికి చేరేది అలాంటి ఒకటో రెండో భాగాలు. యాంటెన్నాలో సహజంగా పుట్టే రొద అంతకన్నా పెద్దది. అయినా ఫోన్ దాన్ని పట్టుకోగలగడానికి కారణం, ప్రతి ఉపగ్రహం పంపే 1,023 అంకెల వరుస ఫోన్‌కు ముందే కంఠతా వచ్చు. సెకనులో వెయ్యో వంతుకు ఒకసారి పునరావృతమయ్యే ఆ వరుసను తన దగ్గరున్న నకలుతో పక్కపక్కన పెట్టి, ఒక్కో మెట్టు జరుపుతూ, ఎక్కడ సరిగ్గా అతికిందో చూసుకుంటుంది. రొద గడబిడగా ఉంటుంది గనుక కూడినకొద్దీ దానిలోది దానికే కొట్టుకుపోతుంది. వరుస మాత్రం పేరుకుంటూ పైకి తేలుతుంది.

ఇంత సన్నని దారం తెగడానికి పెద్ద కారణాలు అక్కరలేదు. ఒక తయారీ సంస్థవారు, తమ కొత్త మోడల్ ల్యాబ్‌లో బాగానే ఉందని, కొన్నవారు మాత్రం దారి తప్పిస్తోందని ఫిర్యాదు చేస్తున్నారని, మాకు నాలుగు ఫోన్లు పంపారు. డాబా మీద పెట్టి చూస్తే ఏ లోపమూ కనబడలేదు. బలమైన ఉపగ్రహాలు మా కొలతలో 44 డెసిబెల్-హెర్ట్జ్ (రొదతో పోలిస్తే సంకేతం ఎంత బలంగా ఉందో చెప్పే కొలత) దాకా చూపించాయి. రెండు రోజులు తలలు పట్టుకున్నాక, ఫిర్యాదు చేసిన ఒకరి ఫోన్‌నే తెప్పించాం. దానికి కారు డాష్‌బోర్డు మీద అంటించుకునే అయస్కాంతం కోసం బ్యాక్ కవర్ లోపల ఒక ఇనుప రేకు ఉంది. ఆ కవర్ తొడగగానే 44 కాస్తా 36కి పడిపోయింది. ఎనిమిది డెసిబెల్‌ల తేడా అంటే ఉన్న శక్తి ఆరో వంతుకు పడిపోయినట్టు. కారు అద్దం వెనుక, మేడల మధ్య ఆ మిగిలిన ఆరో వంతు చాలదు. ల్యాబ్‌లో ఎవరూ కవర్ తొడిగి పరీక్షించలేదు, అంతే.

రెండో ప్రశ్నే అసలైనది. ఆరుబయట మామూలు స్మార్ట్‌ఫోన్ చూపే చోటు సాధారణంగా 4.9 మీటర్ల వ్యాసార్ధంలో ఉంటుందని జీపీఎస్‌ను నడిపే అమెరికా ప్రభుత్వ సమాచారమే చెబుతోంది. సైన్యం తనకు కచ్చితమైనది ఉంచుకుని మనకు కావాలని తప్పుగా ఇస్తుందన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంటుంది. అలా ఒకప్పుడు చేసేవారు, 2000 మే మొదట్లో ఆపేశారు. మరి మేడల మధ్య ముప్పై నలభై మీటర్లు తప్పుతున్నదంటే, తప్పు ఉపగ్రహం నుంచి రాలేదు, మీ చుట్టూ ఉన్న గోడల నుంచి వచ్చింది. సంకేతం ఎదుటి అద్దాల భవనానికి తగిలి మీ దగ్గరికి వస్తే అది చుట్టుదారిన వచ్చినట్టు. చుట్టుదారికి పట్టిన అదనపు సమయాన్ని ఫోన్ అదనపు దూరంగా లెక్కవేస్తుంది. నేరుగా వచ్చిన సంకేతంతోపాటు ఈ ప్రతిఫలనం కూడా చేరితే తప్పు కొద్దిగా ఉంటుంది. నేరుదారి పూర్తిగా మూసుకుపోయి ప్రతిఫలనం ఒక్కటే చేరితే, ఫోన్‌కు అది అబద్ధమని తెలిసే దారి దాదాపు ఉండదు.

సర్వేకు వాడే పెద్ద యాంటెన్నాలకు ఈ అబద్ధాన్ని పసిగట్టే నేర్పు కొంత ఉంది. ఉపగ్రహ సంకేతం కుడివైపు మరమేకులా తిరుగుతూ వస్తుంది. గోడకు తగిలి వెనుదిరిగితే చాలాసార్లు ఆ తిరుగుడు ఎడమవైపుకు మారుతుంది. సర్వే యాంటెన్నా ఎడమవాటాన్ని అణచివేస్తుంది. ఫోన్ అంచున ఇరికించిన, వేలెడంత కూడా లేని యాంటెన్నాకు కుడి ఎడమల తేడా తెలియదు. పైగా అది తరచూ వై-ఫైతోనో మరొక రేడియోతోనో చోటు పంచుకుంటుంది. సర్వే పరికరానికీ ఫోన్‌కూ మధ్య అంతరం ఎక్కువగా చిప్‌లో ఉన్నదనుకుంటారు గాని, నా అనుభవంలో అది యాంటెన్నాలోనే ఎక్కువ.

చుక్క ఎప్పుడూ పక్క వీధికే ఎందుకు పోతుంది, అదే వీధిలో ముందుకో వెనక్కో ఎందుకు పోదు అని కూడా గమనించే ఉంటారు. రెండు వరుసల ఎత్తైన భవనాల మధ్య నిలబడి తలెత్తితే కనిపించే ఆకాశం, వీధి పొడవునా సాగిన ఒక పట్టీ మాత్రమే. నేరుగా వినిపించే ఉపగ్రహాలన్నీ ఆ పట్టీలోనే ఉంటాయి. వీధి పొడవు దిశలో అటు కొన్ని, ఇటు కొన్ని ఉంటాయి కాబట్టి ఆ దిశలో లెక్క గట్టిగా కుదురుతుంది. వీధికి అడ్డంగా మాత్రం రెండు వైపులా గోడలే. అటునుంచి వచ్చే ప్రతి సంకేతమూ మూసుకుపోయినదో, ఎదుటి గోడకు తగిలి వచ్చినదో అయి ఉంటుంది. తప్పు అటే ఒరుగుతుంది. అందుకే ఎన్ని ఉపగ్రహాలు వినిపిస్తున్నాయన్న అంకెను చూసి మురిసిపోవద్దంటాను. ఒకే పట్టీలో ఉన్న పదిహేనింటికన్నా, నాలుగు మూలలా పరుచుకున్న ఎనిమిది మేలు. అయితే అమెరికా జీపీఎస్‌తోపాటు రష్యా గ్లోనాస్, ఐరోపా గెలీలియో, చైనా బైడూ, మన నావిక్‌ల ఉపగ్రహాలను కూడా ఫోన్లు వింటుండడం వల్ల ఆ సన్నని పట్టీలో సైతం ఎంచుకోవడానికి కొన్ని దొరుకుతున్నాయి. ఒక్క జీపీఎస్‌తోనే నెట్టుకొచ్చిన రోజుల్లో ఇలాంటి వీధుల్లో చుక్కే నిలిచేది కాదు.

కదలకుండా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ తప్పడం వింతగా అనిపించినా సహజమే. మీరు నడుస్తున్నా, బండి మీద పోతున్నా ప్రతిఫలనాలు క్షణక్షణానికీ మారుతూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పైగా ఫోన్‌లోని కదలిక సెన్సర్లు ఎటు, ఎంత వేగంగా పోతున్నారో సాక్ష్యం చెబుతాయి. కదలకపోతే ఒకే అబద్ధం నిమిషాల తరబడి అలాగే నిలబడి, ఉపగ్రహం ఆకాశంలో జరిగినకొద్దీ మెల్లగా రూపం మార్చుకుంటుంది. మీ చుక్క నెమ్మదిగా వెళ్లి నెమ్మదిగా తిరిగి వస్తున్నదంటే అదే గుర్తు.

చటుక్కున గెంతి, చటుక్కున వెనక్కి వస్తుంటే మాత్రం అది వేరే కథ. కుర్చీ ఇంటి లోపల ఉందన్నారు కదా. కప్పు కింద ఫోన్ చాలావరకు ఉపగ్రహాలను పక్కనపెట్టి, చుట్టూ వినిపించే వై-ఫై రౌటర్ల గుర్తింపు సంఖ్యలను ఒక పెద్ద జాబితాలో వెతికి చోటు చెబుతుంది. ఏ రౌటర్ ఎక్కడుందన్న ఆ జాబితా, దారిన పోయే ఫోన్లు సేకరించి పంపిన సమాచారంతో తయారైనది. నేను ఇల్లు మారినప్పుడు పాత రౌటర్‌ను వెంట తెచ్చుకున్నాను. కొత్త ఇంట్లో సోఫాలో కూర్చుని మ్యాప్ తెరిస్తే, తొమ్మిది కిలోమీటర్ల అవతల ఉన్న పాత ఇంటి మీద చుక్క నిక్షేపంగా కూర్చుంది. బాల్కనీలోకి వస్తే సరైన చోటు, లోపలికి పోతే పాత ఇల్లు. జాబితా సర్దుకునేదాకా అదే వరస. మీ పక్కింట్లో ఎవరైనా కొత్తగా దిగారేమో చూడండి. వారి రౌటర్ మీ ఫోన్‌ను తప్పుదారి పట్టిస్తూ ఉండవచ్చు.

చుక్క చుట్టూ లేత నీలం వలయం ఒకటి ఉంటుంది. చుక్కకన్నా దాన్ని చదవడం నేర్చుకోవాలన్నది నా అభిప్రాయం. ఆండ్రాయిడ్‌లో ఆ వ్యాసార్ధానికి నిర్వచనం ఉంది: మీరు ఆ వలయం లోపల ఉండే సంభావ్యత 68 శాతం. అంటే ఫోన్ తన లెక్కలో నిజాయితీగా ఉన్నప్పుడు కూడా, దాదాపు మూడుసార్లకు ఒకసారి మీరు వలయం బయటే ఉంటారు. వలయం పక్క వీధిని కూడా కలుపుకుని ఉంటే ఫోన్ అబద్ధం చెప్పడం లేదు, తేల్చుకోలేకపోతున్నానని ఒప్పుకుంటోంది. దారి చూపే యాప్‌లు ఈ ఒప్పుకోలును దాచేస్తాయి. వాహనం రోడ్డు మీదే ఉంటుందని అనుకుని చుక్కను లాక్కెళ్లి దగ్గరి రోడ్డు మీద కూర్చోబెడతాయి. పై వంతెన మీద ఉన్నారా, కింది రోడ్డులో ఉన్నారా అన్నచోట అవి తికమకపడేది ఇందుకే. ఎత్తును బట్టి చెప్పవచ్చు కదా అంటే, ఉపగ్రహాలన్నీ మన తల పైనే ఉండి, కాళ్ల కింద ఒక్కటీ లేకపోవడంతో ఎత్తు లెక్క నేల మీది చోటు లెక్కకన్నా దాదాపు ఎప్పుడూ వదులుగానే ఉంటుంది.

రెండు పౌనఃపున్యాల ఫోన్ కొంటే ఇదంతా పోతుందా అని చివర్లో అడిగారు. పోదు, తగ్గుతుంది. ఉపగ్రహం పంపే పాత ఎల్1 సంకేతం 1575.42 మెగాహెర్ట్జ్ మీద, ఎల్5 సంకేతం 1176.45 మెగాహెర్ట్జ్ మీద వస్తాయి. ఫోన్లలోకి ఈ రెండోది 2018లో షావోమీ ఎంఐ 8తో వచ్చింది. సంకేతాన్ని ఆలస్యం చేసే అయనావరణం (వాతావరణం పైభాగంలో విద్యుదావేశం ఉన్న కణాల పొర) తక్కువ పౌనఃపున్యాన్ని ఎక్కువ ఆపుతుంది కాబట్టి, రెండింటినీ పోల్చి ఆ ఆలస్యాన్ని లెక్కగట్టి తీసేయవచ్చని ప్రకటనల్లో రాస్తారు. సిద్ధాంతం సరైనదే, కాకపోతే అలా కలిపినప్పుడు కొలతల్లోని రొద కూడా రెండు మూడు రెట్లు పెరుగుతుంది, ఫోన్ యాంటెన్నాకు ఉన్నదే రొద. నగరంలో అసలు లాభం మరొకచోట ఉంది. ఎల్1 వరుసలో ఒక్కో మెట్టు సుమారు 293 మీటర్ల పొడవు. ఎల్5లో 29 మీటర్లే. గీతలు దగ్గరగా ఉన్న స్కేలుతో కొలిచినట్టు, నేరుగా వచ్చిన సంకేతాన్నీ దాని వెనుకే వచ్చిన ప్రతిఫలనాన్నీ విడదీసి చూడడం ఎల్5లో ఎంతో తేలిక. నేరుదారి పూర్తిగా మూసుకుపోయినచోట మాత్రం అదీ నిస్సహాయమే.

కొత్త ఫోన్ కొనేముందు ఉన్నదాన్ని ఒకసారి పరీక్షించండి. ఆండ్రాయిడ్ 7 నుంచి రిసీవర్ ముడి కొలతలను చూసే వీలు ఉంది. ఉపగ్రహాల బలాన్ని విడివిడిగా చూపే ఉచిత యాప్‌లు చాలా ఉన్నాయి. బ్యాక్ కవర్ తీసేసి, చుట్టూ గోడలు లేని చోట ఫోన్‌ను పది నిమిషాలు ఉంచి, అన్నిటికన్నా బలంగా ఉన్న నాలుగు ఉపగ్రహాల అంకెలను చూడండి. 40కి పైన ఉంటే రిసీవర్ ఆరోగ్యంగా ఉన్నట్టే, మీ ఇబ్బంది గోడలది. ఆరుబయట కూడా 30 దాటకపోతే లోపం ఫోన్‌లోనే ఉంది. మీది పాత ఫోన్ కాబట్టి, ఎప్పుడైనా డిస్‌ప్లే గాని బ్యాటరీ గాని మార్పించి ఉంటే, యాంటెన్నాను బోర్డుకు తాకించే చిన్న స్ప్రింగ్ కాంటాక్ట్ వంగిపోయిందేమో చూడమని రిపేరు చేసినవారిని అడగండి. అది సరిచేయడానికి ఐదు నిమిషాలు చాలు.